సింగపూర్ టూరిస్ట్ వీసా, ప్రయాణం: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో నాకో చిన్న నెట్ సెంటర్ ఉంది. నేను వీసా ఏజెంటుని కాదు. పాస్‌పోర్టు స్లాట్లు బుక్ చేస్తాను, ఫారాలు నింపుతాను, జిరాక్సులు తీస్తాను. సింగపూర్ షిప్‌యార్డుల్లో, బిల్డింగుల పనుల్లో ఉన్న మన కుర్రాళ్ల అమ్మానాన్నలు ఈ మధ్య వాళ్లని చూసి, ఊరు కూడా చూసి వద్దామని బయల్దేరుతున్నారు. వచ్చిన ప్రతి కుటుంబమూ అవే ప్రశ్నలు అడుగుతోంది. జవాబులు కాగితం మీద రాసి షాపు గోడకి అంటించాను, చాల్లేదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. సింగపూర్ ఇమిగ్రేషన్ శాఖను అందరూ ఐసీఏ అంటారు, నేనూ అలాగే రాశాను. రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు ఐసీఏ వెబ్‌సైట్ ఒకసారి చూడండి.

## మొదలుపెట్టే ముందు

థాయ్‌లాండ్, మలేషియాకి వీసా అక్కర్లేదంట కదా, సింగపూర్‌కి కూడా అంతేనా?

కాదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి సింగపూర్ వీసా ముందే తీసుకోవాలి. దిగాక అక్కడ ఇచ్చే పద్ధతి లేదు. మలేషియా మనవాళ్లకి 30 రోజుల వరకు వీసా మినహాయింపు ఇచ్చింది, అది 2026 డిసెంబర్ 31 దాకా ఉంది. దాన్ని చూసి "మలేషియాలో దిగి జొహోర్ బారు నుంచి బస్సులో సింగపూర్ వెళ్లిపోదాం" అనుకునేవాళ్లున్నారు. జొహోర్ బారు మలేషియా సరిహద్దు ఊరు, అక్కడి వంతెన దాటాక కూడా ఉన్నది సింగపూర్ ఇమిగ్రేషనే. వీసా లేకపోతే వెనక్కి పంపేస్తారు.

పాస్‌పోర్టు గడువు ఇంకా ఐదు నెలలుంది, మేం వెళ్లేది వారం రోజులకే. సరిపోదా?

సరిపోదు. సింగపూర్‌లో దిగే నాటికి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. ముందు రెన్యువల్ చేయించండి, ఆ కొత్త నంబరు మీదే వీసాకి వెళ్లండి. పాత నంబరుతో వీసా తీసుకుని తర్వాత పాస్‌పోర్టు మారిస్తే తలనొప్పి.

పాస్‌పోర్టు కోసం విశాఖ వెళ్లాల్సిందేనా?

అక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం పోస్టాఫీసుల్లోనూ పాస్‌పోర్ట్ సేవా కేంద్రాలున్నాయి. ఆన్‌లైన్లో స్లాట్ బుక్ చేసుకుని అసలు కాగితాలతో వెళ్లాలి. 36 పేజీల పుస్తకానికి పెద్దలకు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. కొత్తగా తీసుకునే అరవై దాటినవాళ్లకి 10 శాతం తగ్గింపు ఉంది. చంటిపిల్ల విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి పుట్టిన తేదీ రుజువుగా జనన ధృవీకరణ పత్రమే చెల్లుతుంది. పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో అది ముందు తీసుకోండి.

మా నాన్న పేరు ఒక్కటే మాట, "సింహాచలం". ఇంటిపేరు గడి ఖాళీ. ఇబ్బందా?

మన దగ్గర ఇది ఎంత మామూలో చెప్పలేను. సింహాచలం, పైడితల్లి, అప్పన్న... పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో చాలావాటికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. సింగపూర్ వీసా ఫారంలో పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాస్తే చాలు. ఆధార్‌లో ఇంటిపేరు ఉంది కదా అని ఫారంలో కలపకండి. టికెట్ల దగ్గరే చిక్కు వస్తుంది, చాలా వెబ్‌సైట్లు ఇంటిపేరు లేకుండా ముందుకెళ్లనివ్వవు. అప్పుడు ఏం రాయాలో ఆ ఎయిర్‌లైన్ వాళ్ల రూల్ చూసి అదే రాయండి, మీ సొంత తెలివి వాడకండి. యూఏఈ సంగతి వేరు. ఒకే పేరున్న పాస్‌పోర్టుకి అక్కడ విజిట్ వీసా ఇవ్వరు. రేపు దుబాయ్ కూడా వెళ్లే ఆలోచన ఉంటే ఇప్పుడే పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎక్కించుకోండి.

పేరులో ఖాళీల గురించి కూడా చెప్పాలి. అప్పలనరసమ్మ అనే పేరు ఒకచోట ఒకే మాటగా, ఇంకోచోట రెండు ముక్కలుగా, మూడోచోట "నరస" బదులు "నర్స" అని ఉంటుంది. అక్షరం తేడాని కంప్యూటర్ వేరే మనిషి అనుకుంటుంది. పాస్‌పోర్టు తెరిచి ముందు పెట్టుకుని, ఒక్కో అక్షరం వేలితో చూసుకుంటూ కొట్టండి.

పాస్‌పోర్టులో విజయనగరం జిల్లా, ఆధార్‌లో పార్వతీపురం మన్యం అని ఉంది. మార్పించాలా?

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పటి నుంచీ పార్వతీపురం, సాలూరు, పాలకొండ వాళ్లందరిదీ ఇదే టెన్షన్. వీసా కోసం మార్పించనక్కర్లేదు. పుట్టిన ఊరు, జిల్లా పాస్‌పోర్టులో ఎలా ఉంటే ఫారంలో అలాగే రాయండి. ఇప్పుడుంటున్న అడ్రస్ గడిలో మాత్రం కొత్త జిల్లా రాయొచ్చు.

అమ్మ పదో తరగతి చదవలేదు. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ఉంది. ఆపుతారా?

ఆపరు. ఈసీఆర్ అనేది గల్ఫ్, మలేషియా లాంటి కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లేవాళ్ల కోసం పెట్టిన తనిఖీ. సింగపూర్ ఆ జాబితాలోనే లేదు, పైగా మీ అమ్మగారు వెళ్లేది చూడటానికి. తిరుగు టికెట్, వీసా చేతిలో ఉంటే చాలు.

## అప్లికేషన్ పెట్టేటప్పుడు

మేమే ఆన్‌లైన్లో నేరుగా అప్లై చేసుకోవచ్చా?

ఇండియాలో ఉన్నవాళ్లు అధీకృత వీసా ఏజెంటు ద్వారా పెట్టుకోవడమే మామూలు దారి. ఆంధ్ర వాళ్లకి చెన్నైలోని సింగపూర్ కాన్సులేట్, ఏజెంట్ల జాబితా దాని వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఊళ్లో బోర్డు పెట్టుకున్న ప్రతి ట్రావెల్స్ వాడూ అధీకృత ఏజెంటు కాడు. చాలామంది మీ కాగితాలు తీసుకుని విశాఖలోనో చెన్నైలోనో ఉన్న ఇంకొకరికి పంపుతారు. అందులో తప్పు లేదు. ఎవరికి పంపుతున్నారో అడిగి తెలుసుకోండి, డబ్బు కట్టినదానికి రసీదు తీసుకోండి.

వీసాకి ఎంతవుతుంది? ఒకాయన మనిషికి ఎనిమిది వేలు అన్నాడు.

సింగపూర్ ప్రభుత్వం తీసుకునేది 30 సింగపూర్ డాలర్లు, మన లెక్కలో సుమారు రెండు వేలు. వీసా రాకపోయినా అది తిరిగి ఇవ్వరు. దాని మీద ఏజెంటు సర్వీసు ఛార్జీ ఉంటుంది, అది ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. ఫీజు ఎంత, మీ ఛార్జీ ఎంత అని విడివిడిగా అడగండి. విడగొట్టి చెప్పనివాడి దగ్గర నేనైతే ఆగను.

అబ్బాయి అక్కడ వర్క్ పర్మిట్ మీద ఉన్నాడు. వాడు లెటర్ ఇస్తే చాలదా?

పరిచయ లేఖకి వీ39ఏ అని ఒక ఫారం ఉంది. దాని మీద సంతకం పెట్టే మనిషి సింగపూర్ పౌరుడో, పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఉన్నవాడో అయి, 21 ఏళ్లు నిండి ఉండాలి. వర్క్ పర్మిట్ ఉన్న అబ్బాయి ఆ లెక్కలోకి రాడు. కంగారు పడకండి, ఆ లేఖ అందరినీ అడగరు. కాన్సులేట్ కోరినప్పుడే ఇవ్వాలి. మీ అబ్బాయి పేరు, పని, అక్కడి అడ్రస్ మాత్రం దాచకుండా రాయండి. "చుట్టాలెవరూ లేరు, ఊరు చూడ్డానికే" అని రాసి, తీరా దిగాక "కొడుకు దగ్గరికి" అంటే అక్కడ అనుమానం మొదలవుతుంది. ఇంకో మాట. అబ్బాయి ఉండేది డార్మిటరీ అయితే మీరు అక్కడ బస చేయలేరు. హోటల్ బుక్ చేసుకోండి, అప్లికేషన్లో ఆ అడ్రస్సే ఇవ్వండి.

మేం రైతులం, ఐటీ రిటర్నులు లేవు. ఏం చూపించాలి?

ఖచ్చితంగా కావలసినవి మూడే: నింపి సంతకం పెట్టిన 14ఏ అనే వీసా అప్లికేషన్ ఫారం, ఫొటో, పాస్‌పోర్టు వివరాల పేజీ. మిగతావి కాన్సులేట్ అడగొచ్చు కాబట్టి ఏజెంట్లు ముందే తీసుకుంటారు. వాటిలో రానుపోను టికెట్, హోటల్ బుకింగ్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఎందుకు వెళ్తున్నారో చెప్పే ఒక పేజీ ఉత్తరం ఉంటాయి. రిటర్నులు లేకపోతే ఆ ఉత్తరంలోనే "వ్యవసాయం, ఇన్ని ఎకరాలు, ఖర్చు కొడుకు పెట్టుకుంటున్నాడు" అని ఉన్నదున్నట్టు రాయండి. పట్టాదారు పాసు పుస్తకం కాపీ, పింఛనుదారులైతే పింఛను పడే ఖాతా స్టేట్‌మెంట్ జతచేయండి. అప్లికేషన్ పెట్టే ముందు రోజు బావమరిది దగ్గర తెచ్చి ఖాతాలో రెండు లక్షలు వేయడం మాత్రం వద్దు. స్టేట్‌మెంట్ చూసిన ఎవరికైనా అది ఇట్టే తెలిసిపోతుంది.

ఇంట్లో ఉన్న పాత పాస్‌పోర్టు ఫొటోలు పనికొస్తాయా?

రావు. మూడు నెలల లోపు తీయించినవి కావాలి. 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, మెరుపు లేని పేపర్. స్టూడియోలో "సింగపూర్ వీసా సైజు" అంటే వాళ్లకి తెలుసు. నీలం బ్యాక్‌గ్రౌండ్ వద్దని మాత్రం నోరు తెరిచి చెప్పాలి. బొట్టు తీయనక్కర్లేదు.

వీసా ఎన్ని రోజుల్లో వస్తుంది?

మామూలుగా మూడు నుంచి ఐదు పనిదినాలు. రెండు దేశాల సెలవులూ లెక్కేసుకోండి. ప్రయాణానికి మూడు, నాలుగు వారాల ముందు పెట్టుకుంటే నిద్ర పడుతుంది.

రిజెక్ట్ అయింది. కారణం చెప్పలేదు. మళ్లీ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, ఫీజు మళ్లీ కట్టాలి. కారణం సాధారణంగా చెప్పరు. అవే కాగితాలతో మర్నాడే మళ్లీ పెడితే జవాబు మారదు. మొదటిసారి ఏం రాశారో ఏజెంటు దగ్గర కాపీ అడిగి చదవండి. ఒక కుటుంబం విషయంలో నేనలా చదివితే, తండ్రి వృత్తి గడిలో "వ్యాపారం" అని ఉంది. ఆయనకి ఎకరంన్నర పొలం, రెండు గేదెలు. "రైతు అంటే ఇవ్వరు" అని ఏజెంటు కుర్రాడు మార్చేశాడట. అసలు నిజం రాసి రెండోసారి పెట్టారు, వీసా వచ్చింది. మీ ఫారం మీరు చదవకుండా సంతకం పెట్టకండి. చదవలేకపోతే మనవరాలి చేత చదివించుకోండి.

## వీసా చేతికొచ్చాక

వీసా మీద రెండేళ్లు అని ఉంది. అంటే రెండేళ్లు ఉండొచ్చా?

ఉండకూడదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వీసా మీద ఉన్న తేదీ, దాని లోపల సింగపూర్ గుమ్మం దాకా వెళ్లొచ్చు అని మాత్రమే చెబుతుంది. లోపల ఎన్ని రోజులుండాలో దిగిన రోజు ఇమిగ్రేషన్ అధికారి నిర్ణయిస్తారు. అది విజిట్ పాస్ అనే అనుమతి పత్రంలో వస్తుంది. టూరిస్టులకు సాధారణంగా 30 రోజుల లోపే. ఆ పాస్‌లో ఉన్న తేదీయే మీకు ముఖ్యం.

అరైవల్ కార్డు అంటే ఏంటి? దానికి మూడు వేలు అడుగుతోంది వెబ్‌సైట్.

అది దొంగ వెబ్‌సైట్. ఎస్‌జీ అరైవల్ కార్డు అంటే సింగపూర్‌లో దిగేవాళ్లు ముందుగా ఆన్‌లైన్లో తమ వివరాలు ఇచ్చే ఫారం, అది పూర్తిగా ఉచితం. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు ఐసీఏ వెబ్‌సైట్‌లో గానీ వాళ్ల యాప్‌లో గానీ నింపాలి. అడ్రస్ చివర డాట్ జీవోవీ డాట్ ఎస్‌జీ ఉందో లేదో చూడండి. మనిషికొకటి చొప్పున, చంకలో పిల్లకి కూడా కావాలి. ఇది వీసా కాదు. ఈమెయిల్ గడిలో రోజూ తెరిచి చూసే ఐడీ ఇవ్వండి, మీ విజిట్ పాస్ దానికే వస్తుంది. నెట్ సెంటర్ ఐడీ పెట్టేస్తే, మీరు సింగపూర్‌లో ఉండగా మీ పాస్ ఇక్కడ నా కంప్యూటర్లో ఉంటుంది. ఒకసారి అలా జరిగాక నేను అందరి చేతా సొంత ఐడీ తెరిపిస్తున్నాను.

వీసా, కార్డు లేకపోయినా విమానం ఎక్కేసి అక్కడ చూసుకోవచ్చా?

ఎక్కనివ్వరు. 2026 జనవరి 30 నుంచి సింగపూర్ ప్రభుత్వం విమాన కంపెనీలకి ముందుగానే "ఈ ప్రయాణికుడిని ఎక్కించవద్దు" అని ఆదేశం పంపే పద్ధతి మొదలుపెట్టింది. వీసా లేనివాళ్లు, పాస్‌పోర్టు గడువు చాలనివాళ్లు, నిషేధం ఉన్నవాళ్లు ఇక్కడ కౌంటర్ దగ్గరే ఆగిపోతారు.

డబ్బు ఎంత తీసుకెళ్లొచ్చు?

మన నోట్లు 25,000 రూపాయల వరకు, విదేశీ నోట్లు ఒక ప్రయాణానికి 3,000 అమెరికన్ డాలర్ల విలువ వరకు. అంతకు మించి కావాలంటే విదేశీ డబ్బు వేసుకుని వాడుకునే ఫారెక్స్ కార్డు. డాలర్లు బ్యాంకులోనో లైసెన్సు ఉన్న మనీ ఛేంజర్ దగ్గరో కొని బిల్లు దాచుకోండి.

## సంచి సర్దుకునేటప్పుడు

ఆవకాయ, పొడులు, జీడిపప్పు, ఎండుచేప... అబ్బాయికి ఏం తీసుకెళ్లొచ్చు?

నా షాపులో జిరాక్స్ మెషీన్ పక్కన సామాను తూచే కాటా ఉంది. పోయినేడు ఒక పిన్ని బ్యాగు తూకానికి తెచ్చింది. రెండు కిలోలు ఎక్కువైందని అక్కడే నేల మీద విప్పింది. ఆవకాయ సీసా, అరిసెలు, పలాస జీడిపప్పు, చివర్లో పాత చీర ముక్కలో కట్టిన పొట్లం. అదేంటి పిన్నీ అంటే "కోడికూర మసాలా బాబూ, గసగసాలేసి కొట్టాను" అంది.

ఆ గసగసాలే ప్రమాదం. అవి నల్లమందు మొక్క గింజలు. సింగపూర్ నార్కోటిక్స్ బ్యూరో వాటిని నిషేధిత వస్తువుల్లో పెట్టింది. మన వంటింట్లో పోపుల పెట్టె పక్కన ఉండేది అక్కడ డ్రగ్స్ లెక్కలోకి వస్తుంది. విడిగా వద్దు, మసాలాలో కలిపీ వద్దు. కొన్న మసాలా ప్యాకెట్ అయితే వెనక రాసినవి చదవండి. పిన్ని ఆ పొట్లం నాకే ఇచ్చి వెళ్లింది. మా ఇంట్లో రెండు ఆదివారాలు వచ్చింది.

మిగతావి తేలిక. మాంసం, చేప లేని తయారీ ఆహారం, అంటే పచ్చళ్లు, పొడులు, స్వీట్లు, జీడిపప్పు లాంటివి మనిషికి మొత్తం 5 కిలోల లోపు, విలువ 100 సింగపూర్ డాలర్ల లోపు సొంతానికి తీసుకెళ్లొచ్చు. ఎండుచేప, ఎండురొయ్యలు కూడా 5 కిలోల లోపు ఫరవాలేదు, కాకపోతే మూడు పొరలు కట్టండి, విమానంలో మిగతావాళ్లూ మనుషులే. మాంసంతో చేసినవి ఆమోదం ఉన్న దేశాల నుంచే రానిస్తారు, కాబట్టి చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి ఇంట్లోనే ఉంచండి. పచ్చళ్లు చేతి బ్యాగులో పెట్టొద్దు. నూనె ఉన్నది ద్రవం కిందకి వస్తుంది, సెక్యూరిటీలో తీసేస్తారు.

మా అమ్మమ్మకి చుట్ట లేకపోతే రోజు గడవదు. నాలుగు కట్టలు పెట్టొచ్చా?

అడ్డపొగ (చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని) తాగే అమ్మమ్మలున్న జిల్లా మనది, నాకు అర్థమవుతుంది. కానీ సింగపూర్‌లో పొగాకుకి సుంకం లేని మినహాయింపు అసలు లేదు, ఒక్కటైనా చెప్పి పన్ను కట్టాలి. ఖైనీ, గుట్కా, జర్దా, ముక్కుపొడి 2016 నుంచి పూర్తిగా నిషేధం. వేప్ (ఈ-సిగరెట్) కూడా నిషేధమే, పట్టుబడితే జరిమానా గట్టిగా ఉంటుంది. చూయింగ్ గమ్‌ని 1992 నుంచీ రానివ్వడం లేదు. తాతయ్య జేబులు, అమ్మమ్మ బొడ్లో సంచి బయల్దేరే ముందు మీరే చూడండి. మరిచిపోయి దాచుకున్నదే ఎక్కువగా దొరుకుతుంది. వారం రోజులు చుట్ట లేకుండా ఉండలేని మనిషైతే, ప్రయాణం గురించి ఇంట్లో మరోసారి మాట్లాడుకోండి.

బీపీ, షుగర్, కిడ్నీ మందులు తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు, మూడు నెలలకి సరిపడా మించకూడదు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానం వైపు నుంచి వెళ్లేవాళ్ల సంచిలో మందులే సగం ఉంటాయి, కాబట్టి కొంచెం శ్రద్ధ పెట్టండి. మాత్రలు స్ట్రిప్పులోనే ఉంచండి, డబ్బాలోకి ఒలిచి పోయొద్దు. డాక్టరు చీటీ ఇంగ్లిష్‌లో, మందు పేరు చదవగలిగేలా రాయించుకోండి. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, గట్టి నొప్పి మాత్రల్లో కొన్నింటికి అక్కడి ఆరోగ్య శాస్త్రాల సంస్థ హెచ్‌ఎస్‌ఏ అనుమతి ముందే ఉండాలి. దగ్గు సిరప్‌లో కోడీన్ ఉందేమో మెడికల్ షాపులో అడిగితే చెప్తారు. రోజువారీ మందులు చేతి బ్యాగులోనే పెట్టుకోండి.

పక్కింటాళ్లు వాళ్లబ్బాయికి ఒక పార్శిల్ ఇమ్మన్నారు. మొహమాటం...

మొహమాటం వదిలేయండి. విప్పి, చూసి, మీ చేతులతో మళ్లీ కట్టింది అయితేనే తీసుకోండి. ఆ దేశంలో 500 గ్రాములు దాటిన గంజాయి, 15 గ్రాములు దాటిన హెరాయిన్ రవాణాకి ఉరిశిక్ష ఉంది. "నాకు తెలీదు" అంటే అంత తేలిగ్గా నమ్మరు.

మెడలో బంగారం ఉంటే తిరిగొచ్చేటప్పుడు పన్ను వేస్తారా?

రోజూ వేసుకునే పుస్తెలతాడు, గాజులకు ఎవరూ ఏమీ అనరు. పెళ్లికో ఫంక్షన్‌కో ఎక్కువ నగలు పట్టుకెళ్తే, వెళ్లేటప్పుడే ఇక్కడి కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. అవి ఇక్కడివేనని తిరిగొచ్చాక చూపడానికి అదే రుజువు.

## ఎయిర్‌పోర్టులో

విమానం ఎక్కడ నుంచి? ఎంత ముందు బయల్దేరాలి?

విశాఖ నుంచి సింగపూర్‌కి స్కూట్ వాళ్ల డైరెక్ట్ విమానం నడుస్తోంది, ప్రయాణం నాలుగు గంటలు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. కౌంటర్ దగ్గర మూడు గంటల ముందు ఉండాలి. శ్రీకాకుళం నుంచి హైవే మీద వంద కిలోమీటర్ల పైచిలుకు, విజయనగరం నుంచి దాదాపు అరవై, విశాఖ ఊళ్లోకి వెళ్లాక ట్రాఫిక్ వేరే లెక్క. భోగాపురంలో కట్టిన విమానాశ్రయం మన విజయనగరం జిల్లాలోనే ఉంది. అందుకే మీ టికెట్ ఏ ఎయిర్‌పోర్టు నుంచో ఎయిర్‌లైన్ మెసేజ్ వచ్చినప్పుడల్లా చూసుకోండి. డ్రైవరుకి కూడా ఊరు పేరు చెప్పండి, "ఎయిర్‌పోర్టు" అని వదిలేయకండి.

ఇక్కడి ఇమిగ్రేషన్‌లో ఏం అడుగుతారు?

ఎక్కడికి, ఎందుకు, ఎన్ని రోజులు, ఎవరి దగ్గర, తిరుగు టికెట్ ఏది. ఒంటరిగా వెళ్లే పాతికేళ్ల కుర్రాళ్లని ఇంకాస్త గట్టిగా అడుగుతారు. ఉద్యోగం పేరుతో మోసపోయి వెళ్తున్నాడేమోనని వాళ్ల అనుమానం, అది ఊరికే వచ్చింది కాదు. సమాధానం క్లుప్తంగా చెప్పండి. కాగితాలన్నీ ప్రింటు తీసి ఒక ఫైల్లో పెట్టుకోండి, ఫోను ఛార్జింగ్ ఆ సమయానికే అయిపోతుంది.

మాకు ఇంగ్లిష్ రాదు. సింగపూర్‌లో దిగాక ఎలా?

తమిళం అక్కడ అధికార భాష, బోర్డుల మీద కూడా కనిపిస్తుంది. తెలుగు మాత్రం దొరుకుతుందని అనుకోకండి. ఒక తెల్లకాగితం మీద ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు రాయించి పాస్‌పోర్టులో పెట్టుకోండి: మేం ఎవరం, కొడుకు పేరు, ఫోన్ నంబరు, ఉండే హోటల్ పేరు, తిరిగి వెళ్లే తేదీ. అధికారి అడగ్గానే ఆ కాగితం చూపిస్తే చాలు. ఇప్పటికి మా షాపులో ఇలాంటివి ఎన్ని రాశానో లెక్క లేదు.

అమ్మ వేలిముద్ర రేషన్ డిపోలోనే పడదు. అక్కడ పడకపోతే ఏటి పరిస్థితి?

ఆరేళ్లు దాటిన వాళ్లందరికీ అక్కడ వేలిముద్రలతో పాటు ముఖం, కనుపాప కూడా తీసుకుంటారు. కలుపు తీసి, గింజలు చెరిగి అరిగిపోయిన వేళ్లకి మెషీన్ మొండికేస్తే, పక్కనే సిబ్బంది ఉంటారు, కౌంటర్‌కి తీసుకెళ్తారు. వేళ్లకి ముందు రోజు రాత్రి కొబ్బరినూనె రాసి, పొద్దున్నే కడిగి తుడుచుకోమని నేను చెప్తుంటాను. ఇక్కడ పింఛను వేలిముద్రకి అది పనిచేయడం చూశాను.

పాస్‌పోర్టులో ముద్ర వేయలేదు. దొంగదారిన వచ్చినట్టా?

కాదు. సింగపూర్ ముద్రలు మానేసింది. విజిట్ పాస్ ఈమెయిల్‌కి వస్తుంది, ఎప్పటిదాకా ఉండొచ్చో అందులో ఉంటుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి అబ్బాయికి కూడా పంపండి.

## అక్కడ ఉండగా

ఇంకో పది రోజులు ఉండాలనిపిస్తోంది. ఉండిపోవచ్చా?

పాస్ గడువు తీరకముందే ఐసీఏ వెబ్‌సైట్‌లో పొడిగింపు అడగాలి. ఇస్తారన్న గ్యారంటీ లేదు. అడగకుండా ఉండిపోతే నేరం. 90 రోజుల లోపు అదనంగా ఉంటే 4,000 సింగపూర్ డాలర్ల వరకు జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. 90 దాటితే జైలుతో పాటు బెత్తం దెబ్బలు కూడా చట్టంలో ఉన్నాయి.

టూరిస్ట్ వీసా మీద వెళ్లి అక్కడ పనిలో చేరిపోవచ్చని ఒకాయన చెప్తున్నాడు. నిజమేనా?

అబద్ధం. ఈ ప్రశ్న అడిగేవాళ్లు సాధారణంగా షాపులో మిగతావాళ్లు వెళ్లేదాకా ఆగి, నెమ్మదిగా అడుగుతారు. అందుకే పూర్తిగా రాస్తున్నాను.

సింగపూర్‌లో పనికి వెళ్లేవాడికి అక్కడి కంపెనీ ముందే అప్లై చేస్తుంది. కార్మిక శాఖ ఒప్పుకున్నాక ఐపీఏ అనే ఆమోద పత్రం వస్తుంది. అందులో కంపెనీ పేరు, పని, జీతం, జీతంలో పట్టుకునేది అన్నీ ఉంటాయి. ఇల్లు కదలకముందే అది మీ చేతిలో ఉండాలి. విజిట్ పాస్ మీద పనిచేస్తే 20,000 డాలర్ల వరకు జరిమానా, రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. తర్వాత మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టనివ్వరు. పాసు లేని మనిషికి జీతం ఎగ్గొట్టినా ఎవరికి చెప్పుకోగలడు?

"ముందు విజిట్ మీద పంపిస్తా, అక్కడ మార్పిస్తా" అన్నవాడి దగ్గర డబ్బు పోగొట్టుకున్న ఇళ్లు మా మండలంలోనే నాకు తెలుసు. పొలం తాకట్టు పెట్టిన రెండు లక్షలు పోయాయి, కుర్రాడు వారానికి తిరిగొచ్చాడు. విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపే ఏజెంటుకి కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. ఆ పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో వెతికితే కనిపిస్తుంది. లైసెన్సు ఉన్నవాడు కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ మించి తీసుకోకూడదు. లక్షల్లో అడిగినవాడు అక్కడే దొరికిపోయాడు.

మధ్యలో మలేషియా చూసొస్తే మళ్లీ సింగపూర్‌లోకి రానిస్తారా?

మీ వీసా ఎన్నిసార్లైనా రావొచ్చని ఉన్నది అయితే రావొచ్చు. ఒకసారికే అని ఉంటే రాలేరు, ముందు అది చదవండి. మలేషియాకి వాళ్ల డిజిటల్ అరైవల్ కార్డు మూడు రోజుల ముందు నింపాలి. తిరిగొచ్చేటప్పుడు సింగపూర్ అరైవల్ కార్డు మళ్లీ కొత్తది కావాలి. రోజులు పొడిగించుకోవడానికే అటు వెళ్లి ఇటు వచ్చేస్తే అధికారి కనిపెట్టి ఆపేయగలడు.

ఆస్ట్రేలియాలో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్తూ రెండు రోజులు సింగపూర్‌లో ఆగొచ్చా, వీసా లేకుండా?

ఆస్ట్రేలియా, అమెరికా, బ్రిటన్, కెనడా, జపాన్ లాంటి కొన్ని దేశాల చెల్లుబాటయ్యే వీసా ఉండి, ఇంకో దేశానికి వెళ్తూనో అక్కడి నుంచి వస్తూనో ఉంటే 96 గంటల వరకు వీసా లేకుండా ఆగే వీలుంది. ముందుకెళ్లే టికెట్ ఖరారై ఉండాలి. నిర్ణయం అధికారిదే కాబట్టి, ముసలివాళ్లతో వెళ్తుంటే నేనైతే వీసా తీసుకోమనే చెప్తాను.

పాస్‌పోర్టు పోతే?

ముందు పోలీసు రిపోర్టు, తర్వాత గ్రాంజ్ రోడ్డులోని భారత హైకమిషన్. అక్కడ కొత్త పాస్‌పోర్టు గానీ, వెంటనే ఇంటికి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ గానీ ఇస్తారు. ఐసీఏకి కూడా తెలియజేయాలి. పాస్‌పోర్టు వివరాల పేజీ, వీసా కాపీ, రెండు ఫొటోలు వేరే బ్యాగులో ఒక కవర్లో పెట్టుకుంటే పని సగం తగ్గుతుంది. మా షాపులో ఆ కవరు ఉచితమే, జిరాక్సుకే డబ్బులు.